మొక్కజొన్న కోసం గీసిన పటంలో మంచు జాడ

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జవాబులిస్తున్నవారు బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఎమ్మెస్ చదివి, అక్కడే మట్టి సర్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఏమ్స్ పట్టణంలో ఉంటున్నారు.

క్రితం నెల నేను మాటవరసకి ఒక ముక్క రాశాను: "మా అయోవా మట్టి పటం చూస్తే మంచు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలుస్తుంది" అని. ఎరువుల మీద రాసిన మూడు పేజీలు ఎవరికీ పట్టలేదు కానీ ఈ ముక్క మీద మాత్రం ఉత్తరాలొచ్చాయి. నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: సర్, నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. అమెరికా మట్టి సర్వే డేటాతో హిమానీనద నిక్షేపాల పటం తయారు చెయ్యమని మా గైడ్ గారు ప్రాజెక్టు ఇచ్చారు. మట్టి సర్వే రైతుల కోసం చేసేది. అది రెండు మీటర్ల లోతు దాటదు. హిమానీనదం వదిలినది చాలాచోట్ల వంద అడుగుల పైన ఉంటుంది. పైపై మట్టి చూసి మంచు సంగతి ఎలా చెబుతారు? నాకు చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: ప్రాజెక్టు ఒప్పుకోండి బాబూ, మీ గైడ్ గారు మంచి పనే అప్పజెప్పారు. మీ అనుమానంలో కూడా న్యాయం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నేను అగర్ (నేలలోకి తిప్పి మట్టి తీసే బరమా) పట్టుకున్న మొదటి వారం జరిగిన సంగతి ఇది. ఏమ్స్‌కి ఉత్తరాన ఒక పొలం. మొక్కజొన్న కోసేశారు, మోళ్లు మిగిలాయి. నాకు పని నేర్పడానికి వచ్చిన పెద్దాయన నాలుగడుగుల లోతు నుంచి తీసిన మట్టిముద్ద నా చేతిలో పెట్టి "ఏం తెలుస్తోంది?" అన్నాడు. బాపట్లలో నేర్పినట్టే నీళ్లు చిలకరించి, పిసికి, బొటనవేలితో పట్టీలా సాగదీసి "లోమ్" అన్నాను. "పుస్తకం జవాబు వద్దు. వేళ్లకి ఏం తగులుతోంది?" అన్నాడు. మళ్లీ నలిపాను. కందిగింజంత గులకరాయి ఒకటి గుచ్చుకుంది. ఆయన నవ్వాడు. "గాలి ఆ రాయిని మోయలేదు. ఏరు మోసి ఉంటే ఇసుక ఒకచోట, బంకమట్టి ఒకచోట, గులక ఒకచోట వేరు చేసి పరిచేది. ఇక్కడ అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ఇలా కలిపి ముద్దచేసి పారేసే పని ఈ దేశంలో మంచే చేసింది" అన్నాడు. తర్వాత సీసాలోంచి పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ రెండు చుక్కలు వేశాడు. ముద్ద బుసబుసమని పొంగింది. ఉత్తరాన ఉన్న సున్నపురాయిని మంచు తిరగలిలా నూరి తెచ్చి ఇక్కడ కలిపింది. దానికి ఆ పొంగే సాక్ష్యం.

ఆ ముద్దని టిల్ అంటారు. ఇదే పరీక్ష అయోవా పడమటి అంచున, మిస్సోరి నది పక్క గుట్టల్లో చేస్తే గులకరాయి ఒక్కటీ దొరకదు. మట్టి మైదాపిండిలా వేళ్ల మధ్య జారుతుంది. అది లోయస్. మంచు కరిగిన నీళ్లు నదీ లోయల్లో పరిచిన సన్నటి ఒండ్రుని గాలి ఎత్తుకెళ్లి పోసిన కుప్ప. కొన్ని చోట్ల దాని మందం రెండొందల అడుగుల దాకా ఉంటుంది.

మట్టి సర్వేయర్ రోజంతా చేసేది ఇదే. గుంట తీస్తాడు, పిసుకుతాడు, రంగు చూస్తాడు, ఆసిడ్ చుక్క వేస్తాడు, పటం మీద గీత గీస్తాడు. అమెరికాలో ఈ సర్వే 1899లో మొదలైంది. మట్టి రూపు ఐదింటి మీద ఆధారపడుతుందని హాన్స్ జెన్నీ 1941లో రాశాడు: శీతోష్ణస్థితి, జీవజాలం, నేల వాలు, మాతృపదార్థం (అంటే ఆ మట్టి దేని నుంచి తయారైందో ఆ అడుగు సరుకు), కాలం. మీరూ చదివే ఉంటారు. ఇప్పుడు ఒక్క కౌంటీనే (మన జిల్లా లాంటిది) తీసుకోండి. వాన అంతటా ఒకటే. పూర్వం పెరిగిన గడ్డి ఇంచుమించు ఒకటే. మంచు వెనక్కి పోయిన కాలమూ ఒకటే. ఇక మారడానికి మిగిలినవి రెండు, వాలు, మాతృపదార్థం. పొలంలో మట్టి మారిందని సర్వేయర్ గీత గీశాడంటే ఈ రెండిట్లో ఏదో ఒకటి మారిందన్నమాట. ఆ రెండిటినీ అక్కడ పెట్టింది మంచే. అందుకని మొక్కజొన్న కోసం గీసిన పటంలో మంచు జాడ ఎవరూ కోరకుండానే పడిపోయింది.

పేర్లు చెబుతాను, నోట్ చేసుకోండి. మట్టి రకాలకి అక్కడి ఊళ్ల పేర్లో కౌంటీల పేర్లో సరస్సుల పేర్లో పెడతారు. నడిమి అయోవాలో మెరక మీద క్లారియన్. దాని కిందుగా, కాస్త చెమ్మ నిలిచేచోట నికొలెట్. పల్లంలో, నల్లగా, కింద బూడిదరంగుకి తిరిగి ఉండేది వెబ్‌స్టర్. నీరు ఎటూ పోయే దారిలేని గుంటలో ఒకొబోజీ. ఆ గుంట అంచున ఉంగరంలా హార్ప్స్. పటంలో వీటికి నంబర్లుంటాయి: క్లారియన్ 138, నికొలెట్ 55, వెబ్‌స్టర్ 107, ఒకొబోజీ 6, హార్ప్స్ 95. నంబర్ పక్కన అక్షరం వాలుని చెబుతుంది. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ నంబర్లో 138 అంటే నా కళ్ల ముందు ఒక మెరక కనిపిస్తుంది.

హార్ప్స్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. గుంటలో నిలిచిన నీరు అంచుల్లోకి పాకి, అక్కడ ఆవిరై, సున్నాన్ని వదిలేస్తుంది. మన చెరువు అంచున చవుడు తెల్లగా పేరుకున్నట్టే. జూలైలో సోయా పొలం పక్కన కారాపి చూడండి, పచ్చటి చేలో పసుప్పచ్చ ఉంగరాలు కనిపిస్తాయి. సున్నం ఎక్కువై మొక్కకి ఇనుము అందక ఆకు పాలిపోతుంది. మనవాళ్లు సున్నపు నేలల్లో వేరుశనగ పసుపెక్కితే అన్నభేది, నిమ్మఉప్పు కలిపి కొడతారే, అదే జబ్బు. ఆ పసుపు ఉంగరం మధ్యనున్న గుంట, మంచు పోతూ పోతూ వదిలేసిన గుంట.

ఇలా క్లారియన్, నికొలెట్, వెబ్‌స్టర్ కలిసి ఉన్న ప్రాంతమంతటికీ ఒకే రంగు వేసి చూడండి. మిన్నెసోటా వైపు నుంచి దిగి, రాష్ట్ర రాజధాని డెమోయిన్ దగ్గర ఆగిపోయిన నాలుక ఒకటి తేలుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని డెమోయిన్ లోబ్ అంటారు. మంచు అక్కడికి చేరింది ఇప్పటికి పద్నాలుగు వేల ఏళ్ల కిందటో, పదిహేడు వేల ఏళ్ల కిందటో. రేడియోకార్బన్ ఏళ్లలో చెబుతున్నామా, క్యాలెండర్ ఏళ్లలోనా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. నాలుక కొసన మంచు తోసి ఆపిన కట్ట పేరు బెమిస్ మొరెయిన్. రాష్ట్ర శాసనసభ బంగారు గుమ్మటం ఆ కొస మీదే కూర్చుంది. ఉత్తరానికి వెళ్తే ఆల్టమాంట్, ఆల్గోనా అని మరి రెండు కట్టలు తగులుతాయి.

ఆ నాలుక కొస గీతకి దక్షిణాన పేర్లన్నీ మారిపోతాయి. షార్ప్స్‌బర్గ్, షెల్బీ, అడైర్, క్లారిండా వస్తాయి. అక్కడ కూడా మంచు వచ్చింది కానీ ఐదు లక్షల ఏళ్లకి ముందు. ఆ తర్వాత వాగులు కోశాయి, లోయస్ దుప్పటి కప్పింది. క్లారిండా, అడైర్ మట్టుల్లో చిత్రం ఏమిటంటే, వాటి అడుగున ఉన్నది పూర్వకాలపు నేల. ఒకప్పుడు ఎండా వానా తగిలి బంకగా ముదిరి, పైన లోయస్ పడి పూడిపోయి, వాలు కోసుకుపోయాక గట్టు నడుమ మళ్లీ బయటపడింది. ఆ బూడిదరంగు బంకకి జార్జ్ కే అనే అయోవా భూగర్భ శాస్త్రవేత్త 1916లో గంబోటిల్ అని పేరు పెట్టాడు. రైతులకి మాత్రం అది ట్రాక్టర్ దిగబడే చోటు, అంతే.

ఇంకో రెండు పేర్లు, వాడెనా, ఎస్థర్‌విల్. వీటి కింద ఇసుక, గులక ఉంటాయి. మంచు కరిగిన నీళ్లు పరుగెత్తిన దారులు పటం మీద ఈ పేర్లతో కనిపిస్తాయి. ఎక్కడైనా క్వారీ కోసం గులక వెతకాలంటే ముందు చూసేది వాటినే. ఏమ్స్ చుట్టుపక్కల ఇంకొకటుంది, దుప్పటి ముడతల్లా వరసగా సాగిన చిన్న చిన్న మెరకలు, వాటి మధ్య పల్లాలు. నేల మీద నిలబడి చూస్తే ఏమీ ఉండదు, బల్లపరుపు. పైనుంచి తీసిన ఫోటోలో మాత్రం తెల్ల చార, నల్ల చార, తెల్ల చార. మట్టి పటంలో అవే 138, 107, 138.

భూగర్భ పటం మొత్తం రాష్ట్రానికి ఒక రంగు, రెండు రంగులు వేసి ఊరుకుంటుంది. మట్టి పటం అచ్చయింది చాలాచోట్ల మైలుకి నాలుగు అంగుళాల కొలతలో. అంత దగ్గరగా ఏ భూగర్భ శాస్త్రవేత్తా ఆ నేల మీద నడవలేదు. అందుకే ఏమ్స్‌లోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో, అటు మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఈ పద్ధతి మీద గట్టిగా పనిచేశారు.

ఇక పని. డేటా అమెరికా వ్యవసాయ శాఖ నుంచి ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ససర్గో అంటారు. బహుభుజుల పటం ఒకటి, దానికి గొలుసుకట్టుగా టేబుళ్లు కొన్ని. మాతృపదార్థానికి ఒక టేబుల్, భూరూపానికి ఇంకో టేబుల్ ఉంటాయి. ఒక బహుభుజిలో ఒకే మట్టి ఉండదు, ప్రధానమైనది ఇంత శాతం, మిగతావి ఇంత శాతం అని రాసి ఉంటుంది. చాలామంది ప్రధానమైనదాన్ని తీసుకుని రంగు వేసేస్తారు. మొదటి పటానికి అది చాలు. కానీ టేబుల్‌ని గుడ్డిగా నమ్మకండి. ప్రతి మట్టికీ అధికారిక వర్ణన ఉంటుంది, ఏ పొర ఎంత మందం, గులక ఉందా, ఎంత లోతులో ఆసిడ్‌కి పొంగుతుంది అని. మీ ప్రాంతంలో ఉన్న నలభై, యాభై పేర్లకి ఆ వర్ణనలు కూర్చుని చదవండి. విసుగ్గా ఉంటుంది. అయినా ప్రాజెక్టంతా అందులోనే ఉంది, సాఫ్ట్‌వేర్‌లో చేసేది ఒక పూట పని.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. ఆఫీసుకి కంప్యూటర్ పటాలు కొత్తగా వచ్చిన రోజులు. రెండు కౌంటీలు కలిపి మాతృపదార్థం ప్రకారం రంగులేశాను. మధ్యలో స్పష్టంగా ఒక సరిహద్దు తేలింది. ఇటు టిల్, అటు టిల్ మీద కప్పిన పలచటి లోమ్ పొర. మంచు అంచు కొత్తది కనిపెట్టాననుకుని, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి మీటింగులో గోడకి అంటించాను. అందరూ చూస్తున్నారు. వెనక బెంచీ నుంచి ఒకాయన "మంచు చాలా క్రమశిక్షణ గలది, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఆగిందే" అన్నాడు. తిన్నగా ఎందుకు ఉండదు, అది కౌంటీ గీత. ఒకవైపు సర్వే రెండోవైపు కంటే ఇరవై ఏళ్ల ముందు, వేరే మనుషులు చేశారు. అదే మట్టికి వాళ్లు ఒక పేరు పెడితే వీళ్లు ఇంకో పేరు పెట్టారు. ఆ తర్వాత ఎక్కడ తిన్నటి గీత కనిపించినా ముందు కౌంటీ పటం పక్కన పెట్టుకుని చూడటం అలవాటైంది. మీరూ అదే చెయ్యండి.

రెండోది మీరడిగిన లోతు. రెండు మీటర్ల కింద ఏముందో మట్టి పటానికి తెలీదు, తెలుసని అది ఎప్పుడూ అనలేదు. పైన ఏడడుగులు లోయస్ ఉంటే దాని కిందున్న టిల్ పటంలోకి రాదు. కాబట్టి మీ పటానికి "హిమానీనద నిక్షేపాలు" అని కాకుండా "పై రెండు మీటర్లలో ఉన్న నిక్షేపాలు" అని పేరు పెట్టండి. వైవాలో సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. లోతు కావాలంటే బోరు బావుల రికార్డులు చూడాలి. అయోవా భూగర్భ సర్వే వాళ్లవి జియోసామ్ అనే డేటాబేస్‌లో ఉన్నాయి. పది పన్నెండు బావులు తీసుకుని మీ పటం ఎక్కడ నిలిచిందో ఎక్కడ పడిందో చూపిస్తే మీ గైడ్ గారు ఇంక మాట్లాడరు.

ఇంకొకటి. పాత సర్వేయర్లు చాలామంది అక్కడి మొరెయిన్లు, టిల్ గురించి ముందే చదువుకుని పొలంలోకి దిగినవాళ్లు. గీత గీసేటప్పుడు ఆ చదువు వాళ్ల చేతిని కొంత నడిపించే ఉంటుంది. భూగర్భ పటంతో మట్టి పటం సరిపోయిందని సంబరపడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఇద్దరు సాక్షులూ ఒకే ఇంటివాళ్లు కావచ్చు.

ప్రశ్న: అంకుల్ గారూ, నమస్తే. మేము రెండేళ్ల కింద యాంకెనీలో కొత్త కాలనీలో ఇల్లు కొన్నాం. మార్చి నుంచి జూన్ దాకా బేస్‌మెంట్‌లో సంప్ పంప్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. రాత్రి కరెంటు పోతుందేమోనని మా ఆయన నిద్రపోరు. మూడిళ్ల అవతల వాళ్ల పంపు నెలకోసారి కూడా తిరగదట. ఇండియనోలాలో ఉన్న మా ఫ్రెండ్ ఇంట్లో బేస్‌మెంట్ పొడిగానే ఉంది కానీ వెనక లాన్ మధ్యలో ఎప్పుడూ చిత్తడి. మట్టి పటం చూసి ఇవన్నీ ముందే తెలుసుకోవచ్చా? (ఒక పాఠకురాలు, యాంకెనీ, అయోవా)

జవాబు: కొంతవరకు తెలుసుకోవచ్చమ్మా. మీ రెండిళ్ల మధ్య దూరం పాతిక ముప్పై మైళ్లే కానీ నేల మాత్రం రెండు వేరు వేరు కాలాలది. యాంకెనీ డెమోయిన్ లోబ్ మీదుంది. ఇండియనోలా ఆ గీతకి దక్షిణాన ఉంది.

ముందు మీది. మీ కాలనీ ఉన్నచోట మంచు పోయాక నీటికి బయటికి పోయే దారులు ఏర్పడటానికి తగినంత కాలం గడవలేదు. వాగులు తక్కువ, గుంటలు ఎక్కువ. తెల్లవాళ్లు వచ్చి పొలాలు చేసేనాటికి ఇదంతా చిత్తడి గడ్డినేల. భూమిలో మూడు నాలుగడుగుల లోతున మట్టి గొట్టాలు వేసి నీళ్లు లాగేశారు, దాన్నే టైల్ అంటారు. వెబ్‌స్టర్ మట్టిలో వసంతకాలంలో నీటిమట్టం సహజంగా నేలకి అడుగులోపే ఉంటుంది. టైల్ ఉన్నంతకాలం ఆ సంగతి తెలీదు. మీ బేస్‌మెంట్ ఎనిమిది అడుగుల లోతు. మీరున్నది పాత వెబ్‌స్టర్ పల్లంలో, లేదా ఒకొబోజీ గుంటలో అయి, మూడిళ్ల అవతల వాళ్లు క్లారియన్ మెరక మీద ఉంటే మీరు చెప్పినట్టే జరుగుతుంది. ఇళ్లు కట్టేటప్పుడు పాత పొలం టైల్‌ని జేసీబీ తెంపేసి, ఎవరూ కలపకుండా వదిలేసినా ఇదే జరుగుతుంది. మీ విషయంలో ఏదైనదీ ఇక్కడ కూర్చుని చెప్పలేను.

మీ మట్టి నంబరు తెలుసుకోవడానికి వ్యవసాయ శాఖ వాళ్ల వెబ్ సాయిల్ సర్వేలో అడ్రస్ కొట్టండి. కానీ అక్కడితో ఆగకండి. ఆ పటంలో రెండు మూడు ఎకరాల కంటే చిన్న ముక్కల్ని చాలాసార్లు విడిగా చూపించరు. మీ స్థలం పావెకరం ఉంటుందేమో. పైగా బిల్డర్ పైమట్టి గీకేసి, మెరక కోసి పల్లం నింపి ఉంటాడు. అందుకని 1930లలో విమానం నుంచి తీసిన ఫోటోలు చూడండి. అయోవావి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ ఇల్లు ఉన్నచోట అప్పుడు పొలం ఉంటుంది. అక్కడ నల్లటి మచ్చ కనిపిస్తే అది గుంట. రాష్ట్రమంతటికీ లైడార్ (విమానం నుంచి లేజర్‌తో కొలిచిన) ఎత్తుల పటం కూడా ఉంది కానీ అది కాలనీకి ముందుదో తర్వాతదో చూసుకోండి. రెండోదైతే బిల్డర్ చేసిన నేలనే చూపిస్తుంది.

ఈలోగా పంపుకి బ్యాటరీ బ్యాకప్ పెట్టించండి, మీవారు పడుకుంటారు. పంపు తోడిన నీళ్లు గోడ పక్కనే వదులుతున్నారేమో కూడా ఒకసారి చూడండి. అలా వదిలితే అవే నీళ్లు మళ్లీ లోపలికొస్తాయి, పంపు అవే నీళ్లని తోడుతూ ఉంటుంది. టైల్ తెగిందో లేదో సిటీ ఇంజనీరింగ్ వాళ్లని అడగండి.

మీ ఫ్రెండ్ ఇల్లు గుట్ట మీద, లోయస్‌లో ఉండి ఉంటుంది. లోయస్‌లో నీరు తేలిగ్గా కిందికి దిగుతుంది, బేస్‌మెంట్ పొడిగా ఉంటుంది. ఆ నీరు పైన చెప్పానే, పూడిపోయిన పాత నేల, ఆ బంకపొర దాకా దిగి, ఇంక దిగలేక పక్కకి నడుస్తుంది. బంకపొర గట్టు నడుమ ఎక్కడ బయటపడితే అక్కడ ఊట. లాన్ మధ్యలో చిత్తడి అదే అయ్యుండాలి. వాళ్ల పటంలో క్లారిండా అనో అడైర్ అనో ఉందేమో చూడమనండి. ఉంటే ఇంక లాన్ వాళ్లని పిలిచి గడ్డి మార్పించుకోవడం డబ్బు దండగ. ఊటకి పైవైపున అడ్డంగా ఒక టైల్ వేయించాలి.

ప్రశ్న: అయోవాలో పొలం అమ్మేటప్పుడు మట్టికి మార్కులేస్తారని మా అబ్బాయి చెప్పాడు. నిజమేనా? మనదగ్గర రోడ్డుకి ఎంత దూరం అనే అడుగుతారు. (ఒక రైతు, గుంటూరు జిల్లా)

జవాబు: నిజమేనండి. 5 నుంచి 100 దాకా మార్కులు. అయోవా స్టేట్ యూనివర్సిటీవాళ్లు 1971లో మొదలుపెట్టారు, దాని పేరు సీఎస్ఆర్, అంటే కార్న్ సూటబిలిటీ రేటింగ్. 2013లో లెక్క మార్చి సీఎస్ఆర్ టూ అన్నారు. పొలంలో ఏ మట్టి ఎన్నెకరాలు ఉందో పటంలోంచి తీసి, సగటు కడతారు. వేలం పాట కరపత్రంలో ఎకరాల పక్కనే ఆ అంకె ఉంటుంది. భూమి పన్నుకి కూడా దాన్ని వాడతారు. అందుకే 138కీ 62కీ మధ్య గీత ఎక్కడ పడిందనేది అక్కడ డబ్బు విషయం. 62 అంటే స్టోర్డెన్, నిటారు గట్టు మీద పైమట్టి కొట్టుకుపోయి సున్నం బయటపడ్డ నేల. నేను గీసిన గీత తప్పని ఒక పెద్దాయన నన్ను తన పొలంలో మూడు గంటలు తిప్పారు. రెండు చోట్ల ఆయన చెప్పిందే నిజం, దిద్దాను. మూడో చోట దిద్దలేదు. వెళ్లేటప్పుడు చేయి కలపలేదు కానీ సంచెడు టమాటాలు ఇచ్చారు.

ప్రశ్న: అయ్యా, మాది పెద్దపల్లి జిల్లా. మా తాతగారు తవ్వించిన బావిలో ఆకుపచ్చటి గట్టి మట్టి, అందులో రకరకాల గుండ్రాళ్లు పడ్డాయని చెప్పేవారు. ఇటీవల మా మనవడు ఇంటర్నెట్‌లో చదివి "మన దగ్గర కూడా గ్లేసియర్ ఉండేది" అంటున్నాడు. ఇంత ఎండల్లో మంచేమిటి? అలాంటప్పుడు మన మట్టి పటం కూడా చూసి మంచు ఎక్కడుందో చెప్పొచ్చా? (ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: మాస్టారూ, మీ మనవడు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే అది నిన్నటి మంచు కాదు. సుమారు ముప్పై కోట్ల ఏళ్ల కిందట మన దేశం దక్షిణ ధ్రువానికి దగ్గరగా, గోండ్వానా అనే పెద్ద ఖండంలో భాగంగా ఉండేది. అప్పటి మంచు వదిలిన రాతిపొరలకి తాల్చిర్ అని పేరు. ఒడిశాలోని తాల్చేర్ దగ్గర 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ ఆ బండరాళ్ల పొర చూసి ఇది మంచు పనేనన్నారు. ఉష్ణమండలంలో మంచేమిటని అప్పుడూ అడిగారు, ఇప్పుడు మీరడిగినట్టే. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలకి అడుగున ఉండేది ఆ తాల్చిరే. అంటే మీ వైపు బొగ్గు చెట్లు మొలిచింది మంచు కరిగి వెళ్లాకే. ఆదిలాబాద్ అవతల, చంద్రపూర్ దగ్గర ఇరాయి అనే చోట పెన్‌గంగలో మంచు రాసుకుపోయి గీతలు పడ్డ సున్నపురాయి పలకని పంతొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించారు.

కానీ మట్టి పటంతో ఆ మంచు హద్దులు గీయలేం. అయోవా మంచు వయసు వేల ఏళ్లు. అది తెచ్చి పోసిన ముద్ద ఇంకా ముద్దగానే ఉంది, దాని పైపొరే ఇవాళ్టి మట్టి అయింది. మంచు చేసిన మెరక మెరకగానే, గుంట గుంటగానే ఉన్నాయి. మీ దగ్గర ఆ ముద్ద రాయిగా గట్టిపడి, పైన వేల అడుగుల రాళ్లు పేరుకుని, మళ్లీ కోతపడి బయటికొచ్చింది. పైన కనిపించే ఎర్రచెల్కా రేగడీ ఈమధ్య ఎండావానలు చేసినవి. ఎర్రచెల్క చూసి మంచు గురించి చెప్పడమంటే వెనకటి కాలపు కోట పునాది మీద కట్టిన ఇంటి సున్నం చూసి కోట ఎవరిదో చెప్పడమే. నాగపూర్‌లోని జాతీయ మట్టి సర్వే సంస్థ వేసిన రాష్ట్ర పటాలు మైలుకి నాలుగు అంగుళాల కొలతలోవి కూడా కావు, అందులో సెంటీమీటరు అంటే రెండున్నర కిలోమీటర్లు. ఇక్కడ కావలసింది భూగర్భ పటమే.

మీ తాతగారి బావి సంగతి మాత్రం నాకు నిద్రపట్టనివ్వలేదు. ఆకుపచ్చటి మట్టి అన్నారు, తాల్చిర్ పొరల రంగు చాలాచోట్ల అదే. కానీ గోదావరి పాత గులక కూడా అయ్యుండొచ్చు. తేడా రాళ్లలోనే ఉంటుంది. ఏటి రాయి అన్ని వైపులా గుడ్డులా నునుపు, పక్కపక్క రాళ్లు ఇంచుమించు ఒకే సైజు. మంచు తెచ్చిన రాయికి ఒకటి రెండు వైపులు అరగదీసినట్టు చదునుగా ఉంటాయి, అప్పుడప్పుడు ఆ చదును మీద సన్నటి గీతలుంటాయి. పిడికెడు రాయి పక్కన గుమ్మడికాయంత రాయి, మధ్యలో మట్టి. రాళ్లు కూడా ఒకే జాతి కావు, నల్లది, ఎర్రది, సున్నపుది అన్నీ కలిసి ఉంటాయి.

బావి ఇంకా ఉంటే గట్టున పారేసిన పాత రాళ్లు ఎక్కడో ఉండే ఉంటాయి, మనవాళ్లు ఏదీ దూరం పారేయరు. నాలుగైదు ఏరి కడిగి, ఎండలో ఏటవాలుగా పెట్టి, పక్కన రూపాయి బిళ్ల ఉంచి, మనవడి చేత ఫోటోలు తీయించి పంపండి. బావిలోకి మాత్రం ఎవర్నీ దింపకండి.